ఎదురుగుర్తు

పోయిన వారం అక్కచెల్లెళ్ళిద్దరినీ కొండ మీది విడిదిలో, కిటికీ అవతల పొగమంచు చూస్తూ కూర్చోబెట్టి వచ్చేశాం. కథ ఇవాళే చేతికి తీసుకున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం. సముద్రపు ఒడ్డున మొదలై, తీరం అడవిలోంచి మెలికలు తిరుగుతూ పైకి పాకి, శిఖరాల కింది విడిది దాకా పోయే కాలిబాట ఒకటుంది. ఆ కొండా ఆ అడవీ రక్షిత ప్రాంతం. దాని అధికారిణి అక్క. బాట పొడుగునా రాళ్ళ మీదా చెట్ల మీదా దారి చూపే గుర్తులు వేసే పని చెల్లెలిదీ, ఆమె భర్తదీ. వాళ్ళకంటే ముందు ఆ పని వాళ్ళ నాన్నది. అసలు ఆ బాట వెతికి గీసిందే ఆయన. ఊళ్ళో అందరూ ఆయన్ని గుర్తుల పెద్దాయన అంటారు, మనం పెద్దాయన అంటే చాలు.

మొన్న పొగమంచులో కొండ దిగుతూ ఒక గడియారాల మెకానిక్ దారి తప్పి అంచు మీంచి జారాడు. ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి మణికట్టు దగ్గర నుజ్జయింది. గడియారాలు బాగుచేసే మనిషికి కుడిచెయ్యి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఆస్పత్రి మంచం మీంచి ఆయన అన్నది ఒకే మాట: "మీ బాణం చూపించిన వైపే వెళ్ళాను." ఆ మాట చెవిన పడగానే పెద్దాయన నవ్వేశాడు. "మా ఇంటి గుర్తు అబద్ధం చెప్పదు" అన్నాడు.

మనిషి బాట తప్పాడా, బాటే మనిషిని తప్పించిందా తేల్చడానికి రేపు బాట అజమాయిషీ చూసే మండలి వాళ్ళు వస్తున్నారు. తప్పు గుర్తుదైతే ఆ ఇంటి చేతిలోంచి కుంచె పోతుంది, పని పట్నం కంపెనీకి పోతుంది. తప్పు మనిషిదైతే ఆయన అడ్డదారిన చొరబడ్డవాడి కింద జమ, ఆయన చెయ్యి ఆయన ఖర్మ. ఇందులో సలహా చెప్పడానికి మండలి వాళ్ళు పిలిచిన నిపుణుడు ఎవరయ్యా అంటే, సాక్షాత్తూ పెద్దాయనే. మండలి వాళ్ళ తెలివితేటల గురించి ముందు ముందు ఎటూ మాట్లాడుకోక తప్పదు కాబట్టి ఇప్పటికి వదిలేద్దాం.

పొద్దున్నే మంచు విడింది. విడిది కాపలాదారు ఇచ్చిన టీ తాగి ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు. కింద నుంచి ఎక్కి చూస్తే సగం సేపట్లో పని అయిపోయేది. కానీ గడియారాల ఆయన దిగుతూ పడ్డాడు కనక, దిగుతూనే చూడాలని అక్క పట్టుబట్టింది. చెల్లెలు వద్దనలేదు. రాత్రి విడిదిలో తిండి కూడా సరిగా తినలేదు, పొద్దుట్నించీ మాటా సరిగా లేదు. నిద్ర చాలలేదేమో అనుకుంది అక్క. అధికారం చేతికొచ్చాక ఎదుటివాళ్ళ మొహం చదవడం కాస్త మరిచిపోతాం, అది అక్క ఒక్కదానికే ఉన్న జబ్బు కాదు.

కొండ పైభాగంలో చెట్లు పొట్టివి. గాలికి అన్నీ ఒకే వైపు వాలిపోయి ఉంటాయి. వాటి మధ్య నుంచి చూస్తే కింద సముద్రం కనిపిస్తుంది, చప్పుడు మాత్రం అంత ఎత్తుకి రాదు. ఇంకొంత దిగాక చెట్లు పెద్దవవుతాయి, సముద్రం కనపడ్డం మానేసి వినపడ్డం మొదలవుతుంది. ఈ బాట నడవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చేది ఈ మార్పు కోసమే. ఒక్క పూటలో కొండా అడవీ సముద్రమూ మూడూ కాళ్ళకిందికి వస్తాయి. ఈ అక్కచెల్లెళ్ళకు మాత్రం అది పుట్టినప్పట్నించీ చూస్తున్న పెరడు. పెరట్లో అందం ఎవరికి కనిపిస్తుంది?

ఇక్కడ ఆ ఇంటి పని గురించి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గుర్తంటే పైన తెల్ల గీత, దాని కింద పసుపు గీత. మలుపు ఉన్నచోట ఆ రెంటి కింద ఒక బాణం. అంతే, చిన్నపిల్లలు కూడా వేసేయొచ్చు. కష్టమల్లా ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఒకే బాట మీద నడవడం దగ్గర వచ్చింది. ఎక్కేవాళ్ళకి రాయి ఒక మొహం కనిపిస్తే, దిగేవాళ్ళకి రెండో మొహం కనిపిస్తుంది. అందుకని ఆ ఇంట్లో ఈ పని ఎప్పుడూ జంటగానే చేస్తారు. ఒకరు ముందు నడుస్తూ ఎక్కేవాళ్ళ గుర్తు వేస్తారు, అది ముందుగుర్తు. రెండోవాళ్ళు వెనకే వచ్చి, రాయి చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళి, అక్కణ్ణించి దిగిచూసి, దిగేవాళ్ళ గుర్తు వేస్తారు. అది ఎదురుగుర్తు. "దిగేవాడివై దిగి చూడు, తర్వాత కుంచె ముంచు" అని పెద్దాయన పిల్లలిద్దరికీ అక్షరాలకంటే ముందు నేర్పిన మాట. రాయి ఎంత ఇరుకు చోట ఉన్నా సరే, చుట్టూ తిరిగి వెళ్ళాల్సిందే. ఇవతల నిలబడి వంగి అవతలి మొహం మీద గీస్తే ఆయనకు ఎక్కడలేని కోపం వచ్చేది.

సగం దారిలో ఒక పెద్ద చెట్టు దగ్గర అక్క ఆగింది. బెరడు మీద కొత్త రంగు కింద పాత రంగు పొరలు, వాటి పక్కన మసకగా ఒక బొటనవేలి ముద్ర.

"ఇది ఇంకా ఉందే!" అంది.

"ఎక్కడికి పోతుంది?" అంది చెల్లెలు.

గుర్తు వేయడం అయ్యాక కుంచె కొసన వేలాడే రంగు బొట్టుని బొటనవేలితో తుడిచి, ఆ వేలిని పక్కనే రాయికో చెట్టుకో అద్దేయడం పెద్దాయన అలవాటు. జనం దాన్ని సంతకం అనుకుని మురిసిపోయేవాళ్ళు. నిజానికి అది బద్ధకం, ఆయన జేబులో గుడ్డముక్క పెట్టుకోడు. ఆ వేలికి అడ్డంగా ఒక పాత గాటు ఉంది కాబట్టి ముద్ర ఎప్పుడూ రెండు ముక్కలుగా పడుతుంది. వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ తలుపుల మీదా తువ్వాళ్ళ మీదా చివరికి దిండు గలీబుల మీదా ఆ రెండు ముక్కల ముద్ర చూసి నెత్తి కొట్టుకునేది. మోకాలు పాడై ఆయన కుంచె కింద పెట్టాక, కొత్త ముద్రలు పడటం ఆగిపోయింది.

అక్క ఆ ముద్ర మీద తన వేలు ఆన్చి, ఎందుకో నవ్వుకుని ముందుకు నడిచింది.

దారి చీలే చోటు తీరం అడవిలో, బండిరోడ్డుకి కాస్త పైన ఉంది. అక్కడో నడుమెత్తు బండరాయి. దిగేవాళ్ళకి దాని ఎడమ పక్కనుంచి పోయేదే అసలు బాట. సరుగుడు చెట్ల లోంచి బండిరోడ్డు దాటి నేరుగా ఇసుకలోకి దింపుతుంది. కుడి పక్కది ఒకప్పుడు పక్షిగుడ్లు ఏరుకునేవాళ్ళు వాడి వదిలేసిన దారి. మొదట్లో కాసేపు బుద్ధిగానే నడుస్తుంది, తర్వాత ఏ హెచ్చరికా లేకుండా అంచు దగ్గర ఆగిపోతుంది. గడియారాల ఆయన ఈ బాట మీద ఏటా నడిచే మనిషే. మొన్న మంచు దట్టంగా ఉండేసరికి తన జ్ఞాపకం కంటే రాతి మీది గుర్తును ఎక్కువ నమ్మాడు. నమ్మమనే కదా గుర్తు వేసేది!

అక్క బండరాయి ముందు నిలబడింది.

బాణం కుడివైపుకి ఉంది. అంతవరకూ అయితే ఏదో పొరపాటు అనుకోవచ్చు. కానీ బాణం గీతల కింద లేదు, పైన ఉంది. దాని కింద పసుపు, పసుపు కింద తెలుపు. గీతలు తిన్నగా, అందంగా, ఎక్కడా రంగు కారకుండా ఉన్నాయి. గుర్తు మొత్తం తలకిందులుగా ఉంది, అంతే. తలకిందులైన గుర్తులో ఎడమ బాణం కుడి బాణం అవుతుంది.

"వంగి వేశారు" అంది అక్క. "కింది పక్క నిలబడి, రాయి మీద పొట్ట ఆన్చి, తల ఇటు వేలాడేసి వేశారు. వేసినవాళ్ళకి ఇది సరిగ్గానే కనిపించి ఉంటుంది."

చెల్లెలి మొహం పాలిపోయింది. "నేనే" అంది.

"ఏంటి నువ్వే?"

"నేనే వేశాను. ఎదురుగుర్తులు ఎప్పుడూ నేనే కదా వేసేది. ఈసారి కొత్త రంగు వేసిన రోజు ఒంట్లో బాగాలేదు, చుట్టూ తిరిగి ఎక్కే ఓపిక లేక వంగాను. రేపు వాళ్ళు అడిగితే నా పేరు చెప్పెయ్. నీకెందుకు ఇబ్బంది?"

"ఓపిక లేక వంగావా? నువ్వు?"

"మనిషిని కానా నేను?"

అక్క తన సంచీ దించింది. అందులోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పి చెల్లెలి చేతిలో పెట్టింది. "రంగు వద్దు, నీళ్ళతోనే చూపించు. కిందికి పోయి, ఎక్కి వచ్చినట్టు రా. రాతి మీద ఎదురుగుర్తు వెయ్యి. వేలితో వెయ్యి, చాలు."

"నాటకాలా ఇప్పుడు?"

"రేపు వాళ్ళ ముందు ఆడాల్సిన నాటకమే, ఇవాళ నా ముందు ఆడు."

చెల్లెలు విసురుగా కిందికి దిగింది, బండిరోడ్డు కనపడే దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. సీసా పట్టుకుని ఎక్కి వచ్చింది. రాయి దగ్గరికి వచ్చేసరికి, వంగాలని ఆమె మనసులో ఎంత గట్టిగా అనుకుందో గానీ, కాళ్ళు మాత్రం ఆమెను అడగలేదు. కుడికాలు రాతి పక్కనున్న వేరు మీద పడింది, ఎడమకాలు దాని పైన ఉన్న ఇరుకు మెట్టు మీద పడింది, నడుం ఒక్క తిప్పు తిరిగింది. చూస్తే రాతికి అవతల, అక్క పక్కనే, సముద్రం వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. చేతిలో సీసా అలాగే ఉంది.

తను ఎక్కడ నిలబడి ఉందో చూసుకుని చెల్లెలు అక్కడే చతికిలబడింది. అక్క కూడా కూర్చుంది. ఈ కథ మొదలైన దగ్గర్నుంచి వాళ్ళిద్దరూ ఒకే రాతికి ఆనుకుని కూర్చోవడం ఇదే మొదటిసారి.

"ఆ రోజు నేను అసలు రాలేదక్కా" అంది చెల్లెలు.

"మరెక్కడికి పోయావు?"

"రేవు పట్నానికి. అక్కడ బోర్డులు రాసే షాపుంది. షాపుల పేర్లూ, బస్సుల పేర్లూ రాస్తారు. నా చెయ్యి చూపించమన్నారు, చూపించాను. రమ్మన్నారు."

"నాన్నకి చెప్పావా?"

"నీకే చెప్పలేదు, నాన్నకి చెప్తానా? ఆయనొక్కడికే చెప్పాను." ఆయన అంటే భర్త. "నేను చూసుకుంటాలే, వెళ్ళిరా అన్నాడు. తిరిగొచ్చాక అన్నీ అయిపోయాయన్నాడు. ముందువీ ఎదురువీ ఒక్కడే వేసుకున్నాడనుకున్నాను."

"ఎందుకే? ఇక్కడ ఏం తక్కువైంది నీకు?"

ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే బాగుండేదని అక్కకు అడిగిన మరుక్షణమే అనిపించింది. కానీ అడిగేసింది.

"ఏం తక్కువైందా? చిన్నప్పట్నించీ నా ముందు మీ ఇద్దరి వీపులు తప్ప ఇంకేం లేవు. నువ్వూ నాన్నా ముందు. నేను వెనక. నేను రాయి చుట్టూ తిరిగి, దిగి చూసి, వేసి, ఇటు తిరిగేసరికి మీరు మలుపు దాటేసేవాళ్ళు. కుంచె పట్టుకుని పరిగెత్తుకొచ్చేదాన్ని. ఒక్కసారైనా ఆగారా? తర్వాత నువ్వు యూనిఫాం వేసుకుని వెళ్ళిపోయావు. ఇక నాకు ముందుకుంచె ఇస్తాడనుకున్నాను. మా ఆయనకిచ్చాడు. అల్లుడు నిన్నగాక మొన్న వచ్చాడు, రావడమే ముందుకి వెళ్ళిపోయాడు. ఆయన్ననడం లేదు, ఆయన మంచోడే, మలుపు దగ్గర ఆగుతాడు కూడా. కానీ నా బతుకంతా వెనక్కి తిరిగి చూడ్డమేనా? ఆ షాపులో గోడ ముందు నిలబడి రాస్తారక్కా. ఎవరూ ముందుకి వెళ్ళిపోరు. నాకు అది చాలు."

అక్క ఎన్నడూ వెనక్కి తిరిగి చూడలేదన్నది నిజం. చెల్లెలు వస్తూనే ఉంటుందిలే అనుకునేది. ఇప్పుడు ఆమెకు జాలి కంటే ముందు సిగ్గు వేసింది. ఆ సిగ్గు దాచుకోవడానికి లేచి రాయి దగ్గరికి వెళ్ళింది.

"మరి నేనే వేశానని ఎందుకన్నావు?"

"నేను వచ్చుంటే ఇలా జరిగేది కాదుగా. నా చోటు ఖాళీగా ఉంది కాబట్టే కదా ఆ మనిషి చెయ్యి పోయింది."

"మీ ఆయన వంగే రకమా?"

"ఆయనా? మేకలా ఎక్కుతాడు. ఆ మెట్టు మీద రెండుసార్లు గెంతి మరీ వేస్తాడు. వంగాల్సిన అవసరం ఆయనకేం ఉంది?"

"వంగాల్సిన అవసరం ఎవరికుంటుంది?"

అక్క ఈ మాట అడిగింది చెల్లెల్ని కాదు. రాతిని అడిగినట్టు అడిగింది. ఎక్కలేనివాళ్ళకుంటుంది. ఇరుకు మెట్టు మీద కాలు మడవలేనివాళ్ళకుంటుంది. బండిరోడ్డు దాకా బండిలో వచ్చి, అక్కణ్ణించి ఈ కాస్త దూరం మాత్రం ఎలాగో నడిచి రాగలిగినవాళ్ళకుంటుంది. ఆమె కిందికి దిగి, వేసిన మనిషి నిలబడిన చోట నిలబడింది. రాతి మీద పొట్ట ఆన్చి తల అవతలికి వేలాడేసింది. గుర్తు ఆమెకు సరిగ్గా కనిపించింది. పైన తెలుపు, కింద పసుపు, దాని కింద ఎడమవైపు బాణం. ఈ రాతి మీద ఏళ్ళ తరబడి ఎడమ బాణమే వేసిన చెయ్యి, ఈసారీ ఎడమకే వేసింది. ఆమె తల ఎత్తేసరికి, రాతికి ఇవతలి పక్కన, పాచి లేని చోట, పసుపు రంగులో బొటనవేలి ముద్ర ఒకటి ఉంది. అడ్డంగా గాటు పడి రెండు ముక్కలుగా ఉంది.

"ఇటు రా" అంది.

చెల్లెలు వచ్చి అవతలి నుంచి వంగి చూసింది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా ఆయన జ్వరమని చెప్పాడేమో" అంది చివరికి. "నేను ఎక్కడికి పోయానో చెప్పలేక, నాకు జ్వరమని నాన్నకి చెప్పుంటాడు. ఎదురుగుర్తు లేకుండా బాట వదలకూడదు, నేనొస్తా పద అని నాన్న బయల్దేరుంటాడు. ఆయన మాట కాదని మా ఆయన ఎప్పుడన్నాడు కనక!"

ఎదురుగుర్తు లేకపోతే ఎవరైనా దారి తప్పుతారని, ఎవరూ తప్పకూడదని, పెద్దాయన మోకాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. వచ్చి వేసిన గుర్తు అది. ఇందులో నవ్వాలో ఏడవాలో మీరే తేల్చుకోండి. అక్కచెల్లెళ్ళు రెండూ చెయ్యలేదు. సంచీలు భుజాన వేసుకుని ఎడమ పక్క దారిన దిగారు. సరుగుడు చెట్ల కింద రాలిన పుల్లల మీద నడక మెత్తగా ఉంది, అడుగుల చప్పుడు లేదు. సముద్రం మాత్రం ఎప్పటిలాగే తన గోల తాను చేస్తోంది. ఒకచోట అక్క కావాలని నెమ్మదించింది, చెల్లెలు తన పక్కకి వచ్చేదాకా. చెల్లెలు అది గమనించింది గానీ గమనించనట్టే నడిచింది.

ఇంటి ముందు వసారాలో పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాడైన మోకాలు ఎదురుగా పీట మీద చాచి ఉంది. రేపు మండలి వాళ్ళ ముందు వేసుకోబోయే కోటు ఇవాళే తొడుక్కుని చూసుకుంటున్నాడు, ఒక చెయ్యి తొడుక్కుని రెండోది మరిచిపోయాడు. అల్లుడు మెట్ల మీద ఉన్నాడు. అతని పక్కన రెండు రంగు డబ్బాలు ఉన్నాయి, తెలుపొకటి పసుపొకటి. మూతలు తీసి ఉన్నాయి. కుంచెలు పొడిగా, సిద్ధంగా ఉన్నాయి.

అక్క ముందు డబ్బాల వైపు చూసింది, తర్వాత మరిది వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడంలో అన్ని జవాబులూ ఉన్నాయి కాబట్టి ఆమె అతన్ని ఏమీ అడగలేదు.

"వచ్చారా?" అన్నాడు పెద్దాయన. "మంచు విడిందా పైన?"

"విడింది నాన్నా."

"దిగుతూ వచ్చారా, ఎక్కి దిగారా?"

"దిగుతూనే."

"మంచిది. అలాగే చూడాలి." కోటు గుండీ ఒకటి పెట్టుకోబోయి మానేశాడు. "చీలిక దగ్గర రాతి మీద ఎదురుగుర్తు చూశారా?"

"చూశాం" అంది అక్క.

"పైన ఏ రంగుంది?"

గుర్తు తలకిందులుగా ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాళ్ళిద్దరూ ఇప్పుడే ఆయన ముందుకి వచ్చారు.

"తెలుపు" అంది చెల్లెలు.

"పసుపు" అంది అక్క.

రెండు మాటలూ ఒక్కసారే వచ్చాయి. మెట్ల మీది అల్లుడు కళ్ళు మూసుకున్నాడు.

పెద్దాయన తన బొటనవేలు చూసుకున్నాడు. గోరు పక్కన పసుపు ఇంకా పూర్తిగా వదల్లేదు. "అయితే వంగే వేశానన్నమాట" అన్నాడు. "చుట్టూ తిరిగి వెళ్ళాననే అనుకుంటున్నా ఇన్నాళ్ళూ. ఆ పక్కకి వెళ్ళి దిగి చూసినట్టే ఉంది నాకు. అది ఆ రోజు చూసిందో, ఎప్పటెప్పటివో కళ్ళలో మిగిలిపోయిందో, రాత్రుళ్ళు ఎంత ఆలోచించినా తేలడం లేదు."

"ఆ గడియారాల ఆయన మాట విని నవ్వేశావు కదా నాన్నా" అంది అక్క. గొంతు అధికారిణిలా రావాలనుకుంది, కూతురి గొంతే వచ్చింది.

"నవ్వక ఏం చెయ్యమంటావు? అంతమంది ముందు వణకమంటావా?" ఆయన కోటు చెయ్యి విప్పేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆయన నా గడియారం రెండుసార్లు బాగుచేశాడమ్మా. నిన్న దానికి కీ ఇవ్వబోతే చెయ్యి రాలేదు."

పెద్దాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తన పిల్లల్ని ఆయన అలా, సలహా అడిగేవాడిలా చూడటం వాళ్ళెన్నడూ ఎరగరు.

"రేపు వాళ్ళు నన్నే అడుగుతారు" అన్నాడు. "నువ్వు యూనిఫాంలో ఉన్నావు, నీ ఉద్యోగం నీకుంది. దీని పొట్టకూడు ఆ కుంచె. నా పరువు మాట వదిలెయ్యండి. మీరిద్దరూ కూర్చుని ఒక రంగు అనుకుని చెప్పండి. నేను అదే చెప్తాను."

జీవితమంతా ఎదుటివాడికి దారి చూపించిన మనిషి, తనకు దారి చూపించమని అడుగుతున్నాడు. అక్కకు కోపం వచ్చింది, ప్రేమా పొంగింది, ఏదీ చూపించడం ఇష్టంలేక గేటు దాకా వెళ్ళి నిలబడింది.

చెల్లెలూ కూర్చోలేదు. మెట్ల దగ్గరికి వెళ్ళింది. రెండు డబ్బాలకీ మూతలు బిగించి ఒక చేతికి తగిలించుకుంది. భర్త లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ముందుకుంచె తీసుకుని గేటు వైపు నడిచింది. గేటు దగ్గర అక్క ఉంది.

"ఎక్కడికే?"

"చీలిక దగ్గరికి."

"రేపటిదాకా ఆ రాతి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వేస్తే సాక్ష్యం చెరిపినట్టు. పట్టుకోవాల్సింది నేనే. తెలుసు కదా నీకు?"

"తెలుసు."

"తెలిసే వెళ్తున్నావా? ఏం వేస్తావు అక్కడ?"

చెల్లెలు డబ్బాలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అక్క కళ్ళలోకి సూటిగా చూసింది.

"దారి వదులక్కా" అంది. "కావాలంటే నువ్వూ రా. ఈసారి మాత్రం ముందు నేను నడుస్తాను."

అక్క చెయ్యి గేటు గడియ మీద ఉంది. ఆమె దాన్ని ఇంకా తియ్యలేదు, వెయ్యనూ లేదు.